దేవుని ఇంటికి వాకిలి

సర్వవ్యాపియైన దేవునికి నాలుగు గోడల నడుమ ఒక ఇల్లు కట్టుట యెందులకను ప్రశ్న ఏ మతమునకును కొత్తది కాదు. యెరూషలేములో ఏడేండ్లు శ్రమించి మందిరమును కట్టించిన సొలొమోను మహారాజే, ప్రతిష్ఠాదినమున సమస్త జనుల యెదుట చేతులు చాచి ప్రార్థించుచు, మహాకాశమునకే అందని ప్రభువునకు తన కట్టడము ఏపాటి నివాసమగునని తన మనస్సులోని శంకను దాచక వెల్లడించెను. ఆరాధనకు తగిన చోటు మా కొండయా, మీ పట్టణమా అని సమరయ దేశపు స్త్రీ యొకతె బావి యొద్ద అడిగినప్పుడు యేసు ఆ రెండింటిలో దేనినియు ఎన్నుకొనక, ఆరాధనను చోటు నుండి విడదీసి మనస్సునకు అప్పగించెను. మన నాట వేమన రాతిగుడిని నిలదీసెను. వీరశైవులు దేహమునే దేవాలయముగా తలచిరి. ఇందరు మహాత్ములు ఇంత స్పష్టముగా చెప్పిన పిమ్మటను మానవుడు గుడి కట్టుట మానలేదు. మానవలెనని తనకు తోచినను మానలేకపోయెను.

ఈ వైరుధ్యము మరి యే శాఖలోను లేనంత తీవ్రముగా ప్రొటెస్టెంటు క్రైస్తవమున కనిపించుచున్నది. 1517లో జర్మనీలో మార్టిన్ లూథరు ఆరంభించిన సంస్కరణము పుణ్యస్థలములను, తీర్థయాత్రలను, పరిశుద్ధుల అస్థికల పూజను త్రోసిపుచ్చి, విశ్వాసులు కూడిన చోటెల్ల దేవుని సన్నిధియే గాని ఒకానొక చోటునకు సహజమైన పవిత్రత లేదని బోధించెను. 1836లో ఇంగ్లండు విడిచి వచ్చి గోదావరి డెల్టాలో స్థిరపడిన బౌడెన్, బీర్ అను సువార్తికుల సహవాసము ఈ బోధను కడవరకు పాటించి, శిఖరములేని, చిత్తరువులేని సాదా శాలలలోనే ప్రార్థన జరుపుకొనుచు వచ్చెను. కాని తక్కిన ప్రొటెస్టెంటులు ఆ సిద్ధాంతమును నోట ఒప్పుకొనుచునే చేతులతో గోపురములు లేపిరి, గంటలు కట్టిరి, రంగుటద్దములు తెప్పించిరి. విజయవాడ నుండి బందరు కాలువ వెంబడి కంకిపాడు, ఉయ్యూరు, పామర్రు మీదుగా సముద్రము వైపు సాగు డెబ్బది కిలోమీటర్ల దారిలో చర్చి శిఖరము కనిపించని ఊరు అరుదు. చోటునకు పవిత్రత లేదని నమ్మువారు ఇన్ని చోట్లను పవిత్రము చేసికొనుట యెట్లు సంభవించెను? ఒక కట్టడమును దేవుని ఇల్లుగా చేయునది ఏది? కట్టినవాని భక్తియా, ప్రతిష్ఠించిన బిషప్పు మంత్రమా, శిల్పముయొక్క రీతియా, లేక మరి యేదైన కలదా? ఈ ప్రశ్నను గ్రంథములలోకంటె ఒక పాత కట్టడము ఎదుట నిలిచి విచారించుట మేలని తలచి, ఆ దారి చివరనున్న మచిలీపట్టణమునకు, అనగా బందరునకు, పాఠకుని తీసికొనిపోవుచున్నాను.

బందరు ఒకప్పుడు గోల్కొండ కుతుబ్ షాహీల ముఖ్య రేవు. 1605లో డచ్చివారును, 1611లో ఆంగ్లేయులును ఇచట వర్తకశాలలు తెరచిరి. కలంకారీ వస్త్రములకై వచ్చిన ఈ వర్తకులు తమ మతమును కూడ ఓడలలో తెచ్చుకొనిరి గాని, దానిని తమ వాకిలి దాటనీయలేదు. హాలెండు దేశస్థులు సంస్కరణ మతమును స్వీకరించినవారు. ప్రొటెస్టెంటు మతము కృష్ణాతీరమున తొలుత విడిచిన గుర్తులలో ఒకటి వారి శ్మశానమగుట ఆలోచింపదగినది. పదునేడవ శతాబ్దమునాటి ఆ సమాధులు నేటికిని పురావస్తు శాఖ రక్షణలో ఉన్నవి. ఇల్లు విడిచి వేలకొలది మైళ్ల సముద్రమును దాటి వచ్చి, జ్వరములకు బలియై, పేరు తెలిసినవారెవ్వరును లేని నేలలో ఒదిగిన ఆ మనుష్యులు తమ పేరును, తేదీని, వంశచిహ్నమును రాతిమీద చెక్కించుకొనిన తీరు చూచినచో, చోటునకు విలువ లేదను సిద్ధాంతము చావు ఎదుట ఎంత త్వరగా సడలునో తెలియును.

1759లో కర్నల్ ఫోర్డు ఫ్రెంచివారి చేతినుండి బందరు కోటను రాత్రివేళ ముట్టడించి గెలుచుకొనిన నాటినుండి ఆ పట్టణము ఈస్టిండియా కుంఫిణీ సైన్యమునకు ఉనికిపట్టయ్యెను. సరిగా యాబదియేండ్లకు, 1809లో, అచటి తెల్ల అధికారులు తమ ప్రభుత్వముమీదనే తిరుగుబాటు చేసిరి. అదే యేడు ఆరబెల్లా రాబిన్సన్ అను యువతి మరణించెను. ఆమె సమాధిమీద మేజర్ జనరల్ జాన్ పేటర్ తన సొంత ధనము వెచ్చించి కట్టించిన ఆరాధనాలయమే నేటి సెయింట్ మేరీస్ చర్చి. దీనిని అతడు పిమ్మట కుంఫిణీవారికి అప్పగించెను.

ఈ కట్టడమును గూర్చి బందరులో చెప్పుకొను కథ పెక్కు రూపములు దాల్చినది. ఆ వయస్సు మీరిన సేనాని ఆమెను ప్రేమించెననియు, వివాహమునకు పెద్దలు అంగీకరింపలేదనియు, ఆమె చనిపోయిన పిమ్మట కోటలోని శ్మశానమున చోటు ఇచ్చుటకు మతాధికారి నిరాకరించెననియు, అందుచే అతడు కోట వెలుపల స్థలము సంపాదించి ఆమెను పూడ్చి, శ్మశానమున చోటు దొరకని ఆమె చుట్టు ఏకముగా దేవాలయమునే కట్టించెననియు ఒక కథ. ఆమె దేహమును సుగంధద్రవ్యములతో భద్రపరచి గాజుపెట్టెలో నుంచెననియు, మీట నొక్కినచో నేలలోనుండి ఆ పెట్టె పైకి లేచునట్లు యంత్రమును అమర్చెననియు, అతడు దినమును వచ్చి ఆ ముఖమును చూచి పోవుచుండెననియు మరియొక కథ. ఇందు చరిత్ర ఎంతయో కల్పన ఎంతయో తేల్చుట నా పని కాదు. చరిత్రకు నిలిచినవి మూడు: సమాధి, దాని మీది ఆలయము, ఆ ఆలయమును కట్టించినవాని పేరు. కాని జనులు ఆ కథను రెండువందల యేండ్లు మోసికొని వచ్చిరను విషయము కూడ చరిత్రయే.

ఇచట మన ప్రశ్న పదునెక్కుచున్నది. ఒక మనుష్యుని స్వంత దుఃఖమునుండి, బహుశః అహంకారమునుండి కూడ, పుట్టిన ఇల్లు దేవుని ఇల్లగునా? సంస్కరణ మతమును నిష్ఠగా పాటించువాడు కాదనియే చెప్పవలెను. సమాధులమీద బలిపీఠములు కట్టు ఆచారమును ఆ మతము నిరసించినది గదా. కాని తొలి క్రైస్తవులు రోములో హతసాక్షుల సమాధుల యొద్దనే కూడుకొనిరి. అంతదూరము పోనక్కరలేదు. కృష్ణకు ఆవలి ఒడ్డున భట్టిప్రోలులో 1892లో అలెగ్జాండర్ రే త్రవ్వించిన స్తూపమున రాతి బరిణెలును, వానిలో స్ఫటికపు కరండమును, దానిలో బుద్ధధాతువులని భక్తులు తలచిన శకలములును బయటపడినవి. బందరునకు అనతిదూరమున ఘంటసాలలోను మహాస్తూపమే. అనగా ఈ డెల్టాలో మనకు తెలిసిన అతి పురాతనమైన పూజాస్థానములు చనిపోయినవారి అవశేషములమీద లేచినవే. పోగొట్టుకొనినవారిని స్ఫటికమున దాచుకొని పైన మట్టిని, ఇటుకను గుట్టగా పేర్చి దానిచుట్టు ప్రదక్షిణము చేయు అలవాటు ఇచట క్రీస్తునకు పూర్వమునుండియు ఉన్నది. పేటర్ దొరకు ఆ సంగతి తెలియదు. గాజుపెట్టె కథను అల్లిన బందరు జనులకును తెలియదు. ఐనను ఆ కథ ఈ నేలలోనే ఊని మొలచినట్లు నాకు తోచుచున్నది. దుఃఖమునకు మూలము స్వార్థమే కావచ్చును. అది తనకొరకు గోడ కట్టుకొని ఆ గోడలోనికి ఇతరులను కూడ పిలిచిన నాడు దాని స్వార్థము కొంత కరగును.

కట్టడపు సంగతి కొంత చెప్పవలెను. డెల్టా భూమి నల్లని ఒండ్రు. ఎంత త్రవ్వినను మన్నే గాని రాయి తగులదు. 1852లో బెజవాడవద్ద ఆనకట్ట పని ఆరంభించినప్పుడు సీతానగరము కొండను పగులగొట్టి రాయి తేగలిగిరి గాని, సముద్రపుటొడ్డున నున్న బందరున ఎవడేమి కట్టవలెనన్నను ఇటుకయే గతి. ఊరి చెరువు మట్టినే కోసి, ఆరబెట్టి, కాల్చిన ఆ ఇటుక నేటి ఇటుకకంటె పలుచన. దానిని అతుకునది సున్నము. సముద్రతీరపు గుల్లలను కాల్చి చేసిన గుల్లసున్నమును ఇసుకతో కలిపి, వలయాకారపు గాడిలో ఎద్దు త్రిప్పు రాతిచక్రము క్రింద దినములకొలది నూరి, కరక్కాయ ఊరిన నీటిని, బెల్లపు నీటిని చేర్చి, చేతికి వెన్నవలె జారు వరకు మెత్తపరచిన దానిని డంగుసున్నమందురు. ఆ సున్నముతో పూసిన గోడను తాకి చూచినచో మండుటెండలోను చల్లగా ఉండును. దానిలో ఒక గుణము కలదు: వానకాలమున చెమ్మను పీల్చి ఎండకాలమున విడిచిపెట్టును. ఉప్పుగాలి ఎడతెగక వీచు బందరువంటి ఊళ్లలో రెండడుగుల మందపు పాత గోడలు తరములు దాటి నిలుచుటకు ఈ గుణమే ఆధారము. ఆ గానుగను త్రిప్పించినవాడును, ఇటుక పేర్చినవాడును, బొమ్మజెముడు గుట్టలలో గుల్లలు ఏరి తెచ్చిన ఆడుదియు తెలుగువారే. కుంఫిణీ కాలపు చర్చిలన్నియు పరదేశీయ కట్టడములని మనము సులభముగా అనుచుందుము; రూపము పరదేశీయమే, కండ మాత్రము మనది.

రూపమైనను అంత పరాయిదియా? మన దేవాలయమునకు గర్భాలయము ప్రాణము. అది చిన్నది, చీకటిది, ఒక దీపముతో వెలుగునది. దేవుడు అందు నివసించును, భక్తుడు వెలుపల నిలిచి దర్శించి మరలును. పూజ ఒకరి తరువాత ఒకరికి జరుగునదే గాని ఊరంతయు ఒక కప్పు క్రింద ఒకేసారి కూర్చుండి జరుపుకొనునది కాదు. చర్చి అట్టిది కాదు. అందెవ్వరును నివసింపరు. ఆదివారము గంట మ్రోగువరకు అది ఖాళీ శాల. పొడవుగా సాగిన ఆ శాల తూర్పు కొసను ప్రభురాత్రి భోజనపుబల్ల, దాని ప్రక్కగా ఎత్తైన ప్రసంగవేదిక, పడమటి వాకిలి దాపున బాప్తిస్మపు తొట్టి: ఇది ఆంగ్లికను మందిరముల సాధారణమైన అమరిక. ప్రొటెస్టెంటు మతమున వాక్యమే ప్రధానము గనుక చెవికి అనువుగ కట్టిన ఇల్లది. ఎత్తైన కప్పు, వరుస కిటికీలు, అడ్డులేని నడిమి దారి, అన్నియు ఒకని కంఠము అందరికి వినిపించుట కొరకే. ఈ లెక్కన చర్చికి అచ్చమైన జ్ఞాతి మసీదు. విగ్రహము లేని సభాశాల కుతుబ్ షాహీల బందరునకు అప్పటికే పరిచితమైనది.

అంతకంటె పూర్వపు బంధువు మరియొకటి కలదు. నాగార్జునకొండలో బయటపడిన ఇటుక చైత్యములను, పల్నాటి చేజెర్లలో నేడు కపోతేశ్వరాలయముగా శైవపూజ లందుకొనుచున్న గజపృష్ఠాకారపు కట్టడమును చూచినవారు, పిమ్మట ఒక పాత చర్చిలోనికి పోయి తూర్పువైపు గుండ్రని గోడను చూచినచో ఆశ్చర్యపడక మానరు. సంఘము కూడుటకు ఒక పొడవైన శాల, దాని కొసను అర్ధచంద్రాకారపు గోడ, ఆ గోడ ఒడిలో పూజ్యవస్తువు. బౌద్ధులు స్తూపమునుంచిన చోట క్రైస్తవులు బల్లనుంచిరి. ఒకదానినుండి ఒకటి పుట్టినదని నేననను. రోమీయుల సభాశాలలనుండి చర్చికి ఆ రూపము వచ్చినదని అందరెరిగినదే. కాని, ఒక సంఘము, అనగా పుట్టుకచేత గాక సమ్మతిచేత ఏర్పడిన జనసమూహము, ఒకచోట కూడి వినవలసి వచ్చినప్పుడెల్ల మానవుని చేయి ఇట్టి శాలనే కట్టినది. కృష్ణాతీరమున ఆ శాల పదునైదు శతాబ్దములు మరుగుపడి మరల వేరొక పేరుతో వచ్చినది.

ఐతే సంఘమనగా ఎవరు? సెయింట్ మేరీస్ చర్చి గోడలకు ఈ ప్రశ్న అడుగవలసినంత కాలము గడచినది. అది తెల్ల సైనికుల కొరకు, వారి కుటుంబముల కొరకు కట్టినది. ఇటుక మోసిన తెలుగువాడు దాని లోపల కూర్చుండి ప్రార్థింపవలెనని కట్టించినవారెవ్వరును తలచలేదు. చర్చి మిషనరీ సొసైటీ తరపున రాబర్ట్ నోబుల్, హెన్రీ ఫాక్సు బందరునకు వచ్చినది 1841లో. అనగా ఆంగ్లేయులు ఆ రేవున కాలుపెట్టిన రెండువందల ముప్పది యేండ్లకు ఆంగ్లికను సంఘమునకు తెలుగువారితో మాటాడవలెనను తలంపు పుట్టినది. 1843లో నోబుల్ పాఠశాల తెరచెను. అది అగ్రవర్ణముల బాలురను ఉద్దేశించినది. వారు చదివి, నమ్మి, తక్కినవారికి దారి చూపుదురని ఆయన ఆశ. 1852లో ఇరువురు విద్యార్థులు బాప్తిస్మము పొందగా పట్టణము అట్టుడికినది, బడి ఖాళీయైనది. వారిలో మంచాల రత్నము పిమ్మట గురువుగా అభిషిక్తుడయ్యెను.

1864 నవంబరు 1వ తేదీ రాత్రి సముద్రము ఊరిమీదికి వచ్చెను. సుమారు ముప్పదివేలమంది ప్రాణములు పోయినవని లెక్క కట్టిరి. నీరు పదునేడు మైళ్లు లోపలికి చొచ్చుకొనిపోయెనని అప్పటివారు వ్రాసిరి. మిషను బాలికల వసతిగృహములో నిదురించుచున్న పిల్లలు కూడ ఆ రాత్రి కొట్టుకొనిపోయిరి. మరుసటి యేడు సైన్యమును బందరునుండి ఎత్తివేసిరి, కోట పాడువడెను, అదే యేడు అక్టోబరులో నోబుల్ కన్నుమూసెను. కాపలా కాయవలసిన దండు పోయిన పిమ్మట దండు చర్చికి పనియేమి? ఆ ప్రశ్నకు జవాబు బందరున గాక, అప్పటికే బెజవాడ ఎగువ పల్లెలలో మొలకెత్తియుండెను.

కృష్ణకు ఉత్తరమున రాఘవాపురమను పల్లె. అచట పగోలు వెంకయ్య అను మాల పెద్ద. విగ్రహములలో దేవుడు లేడని ఎవరో చెప్పగా విని, పూజలు మాని, ఎవరవో ఎచట నున్నావో కనిపించుమని పేరు తెలియని దేవుని ఏండ్ల తరబడి ప్రార్థించెనని అతని వృత్తాంతము చెప్పుచున్నది. 1859లో అతడు బెజవాడలోని మిషనరీ డార్లింగును కలిసికొని, ఆయన బోధించిన దేవుడే తాను వెదకుచున్నవాడని గుర్తించి, తనవారితో బాప్తిస్మము పొందెను. నోబుల్ మేధావుల పట్టణమున పదునెనిమిదేండ్లు దున్నిన పొలములో మొలకలు వ్రేళ్లమీద లెక్కింపదగినవి కాగా, ఎవ్వరును విత్తని మాలపల్లెలో పంట తనంతట వచ్చెను. తత్త్వవిచారము పండితుల సొత్తని తలచువారు వెంకయ్య ప్రార్థనను ఆలోచింపవలెను. ఉపనిషత్తులలో శిష్యుడు గురువు నడుగు ప్రశ్నయే అది; అడిగినవానికి ఏ గుడిలోనికిని ప్రవేశము లేదు. తెలుగు డెల్టాలో ప్రొటెస్టెంటు మందిరమునకు పునాది పడినది అచటనే యని నా నిశ్చయము. పల్లెలలో ఆ మందిరము తాటాకు పాక. పగలు బడి, సాయంత్రము ప్రార్థన, వానకు ఊరినవాని కప్పు, ఎండకు ఎండినవాని నీడ. మద్రాసు రాష్ట్రమున ఆలయప్రవేశ చట్టము వచ్చినది 1947లో. అంతవరకు ఎనుబది యేండ్లకు పైగా ఈ తాటాకు పాక వాకిలి ఒక్కటియే దేవుని పేరుతో వారికి తెరచియున్నది.

ఇట్లు వ్రాసి ఊరకుండుట న్యాయము కాదు. తెరచిన వాకిలి లోపల కూడ గీతలు వెలసినవి. ఒకే ఊరిలో మాలలకొక చర్చియు మాదిగలకొక చర్చియు నుండుట, ఒకే పాత్రలోని ద్రాక్షారసమును త్రాగుటకు శంకించుట, సమాధుల తోటలో సైతము హద్దులు పెట్టుకొనుట మన కన్నుల యెదుట నున్న వాస్తవములు. వీనిని చూచి కొందరు మతమునే పరిహసింతురు. నాకు పరిహాసము రాదు, వ్యథ కలుగుచున్నది. ఏలయన, గుమ్మము దాటనీయని బాధను తెలిసినవాడే మరియొకని గుమ్మమువద్ద ఆపుట సామాన్యమైన దోషము కాదు. ఏ శిల్పి కట్టినను, ఏ బిషప్పు ప్రతిష్ఠించినను, అట్టి ఇల్లు ఆ దినమునకు దేవుని ఇల్లు కాజాలదు.

శిల్పరీతిచేత ఈ చిక్కు విడునని ఆశించినవారును కలరు. 1912లో కలకత్తాలో అభిషిక్తుడై, ఆంగ్లికను సంఘమున తొలి భారతీయ బిషప్పైన వేదనాయగము శామ్యూల్ అజరయ్య, డోర్నకల్లున తాను కట్టించిన ప్రత్యక్షత మహాదేవాలయమును 1939లో ప్రతిష్ఠించెను. దక్షిణదేశపు మండప స్తంభములు, మసీదు గుమ్మటములు, క్రైస్తవ సిలువ, మూడును ఆ కట్టడమున ఒద్దికగా కలిసియున్నవి. సున్నితమైన కోణపు కమానులతో, ఇంగ్లండు గ్రామము నుండి ఊడబెరికి తెచ్చినట్లున్న చర్చిలకు అలవాటుపడిన కంటికి డోర్నకల్ గుడి ఒక గొప్ప మేల్కొలుపు. అజరయ్య చేసినది సరియైన పని. ప్రభువు ఈ దేశపు వాకిలిలోనికి చెప్పులు విడిచి రావలెనని ఆయన తలచెను. ఐనను ఒక మాట. కృష్ణా డెల్టాలోని పేద సంఘములు తాటాకు పాకను విడిచి పక్కా మందిరమును కట్టుకొనగలిగిన నాడు పెక్కుచోట్ల కోరుకొనినది మండపమును గాదు, కోసుగా లేచిన శిఖరమునే. వారిని పరానుకరణముచే నిందించుట తొందరపాటు. మండపము, గోపురము తమను వెలుపల నిలిపిన కట్టడముల గుర్తులు. శిఖరము అట్టి చేదు జ్ఞాపకము లేనిది. దేశీయత అందరికి ఒకే రుచి నీయదు.

దేశీయతను వారు మరియొక దారిన తెచ్చుకొనిరి. పురుషోత్తమ చౌధరి మొదలైనవారు రాగతాళములతో రచించిన కీర్తనలు ఆంధ్ర క్రైస్తవ కీర్తనల గ్రంథమున చేరి, ఆంగ్ల స్వరములకై కట్టిన కప్పు క్రింద మృదంగముతో, తాళములతో మ్రోగినవి. బల్లలు లేని చోట చాపలు పరచుకొనిరి. ఆడువారొక ప్రక్కను మగవారొక ప్రక్కను కూర్చుండిరి. అన్నింటికంటె ముఖ్యముగా, వాకిట చెప్పులు విడిచిరి. ఇది ఏ మిషనరీయు నేర్పినది కాదు. మిషనరీ దొర టోపీ తీసి బూట్లతో లోపలికి నడచినవాడు. చోటునకు పవిత్రత లేదని అతడు బోధించిన మాటను శ్రద్ధగా విని, ఔనని, బయటికి వచ్చి చెప్పులు వెదకికొనిన ఆ భక్తులు తమకు తెలియకయే సిద్ధాంతమునకు సవరణ చేసిరి. మండుచున్న పొద యొద్ద మోషేను పాదరక్షలు విడువుమని ఆజ్ఞాపించిన దేవుడు ఆ సవరణను కాదనడు. ఎండలో కాలిన గుమ్మపు రాతిమీద పాదము మోపి లోపలి చల్లని గచ్చుమీద అడుగిడినప్పుడు కలుగు మార్పును శరీరమే మొదట తెలిసికొనును, మనస్సు పిమ్మట. పవిత్రత గోడలో నుండి మనుష్యునికి అంటునది కాదు, నిజమే. అనేక తరముల మనుష్యులనుండి గోడకు అంటుట మాత్రము కద్దు. పెండ్లి ప్రమాణము, పసిబిడ్డ నుదుటి నీరు, తండ్రి శవపేటిక మోసిన భుజపు బరువు ఒకే చోట జరిగిన పిమ్మట ఆ చోటు తక్కిన చోట్లవంటిదని చెప్పుట పాండిత్యమగునేమో గాని సత్యము కాదు.

ఆరబెల్లా సమాధిమీది ఇల్లు అట్లే మారినది. దండు పోయినది, దొరలు పోయిరి. 1947 సెప్టెంబరు 27వ తేదీన మద్రాసులో దక్షిణ ఇండియా సంఘము ఏర్పడి ఆంగ్లికనులు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియనులు, కాంగ్రిగేషనలిస్టులు ఒక్కటైనప్పుడు బందరు మందిరములును ఆ సంఘమున చేరినవి. నేడు విజయవాడ ముఖ్యస్థానముగా గల కృష్ణా-గోదావరి అధ్యక్షమండలమున తెలుగువారే ఆరాధకులు, తెలుగువారే కాపరులు. ఒక్క శోకార్తుడు ఒక్క మృతురాలికై కట్టిన గోడలలో, అతడు ఎన్నడును లోపలికి పిలువని జనుల మనుమలు కూర్చుండి ప్రభుభోజనమును పంచుకొనుచున్నారు. ఆ కట్టడమును దేవుని ఇల్లుగా చేసినది పేటర్ ధనము కాదు. కట్టినవాని తలంపును మించి తెరచుకొనిన దాని వాకిలి.

ఈ కారణముననే డెల్టాలోని సంఘ పెద్దలను, కాపరులను ఒకటి వేడుకొనుచున్నాను. జనము పెరిగిరని, పాతగోడ పగిలినదని, పొరుగూరి శిఖరము ఎత్తైనదని, నూరేండ్లు దాటిన మందిరములను పడగొట్టుట నేడు సర్వసాధారణమైనది. పెద్ద మందిరము అవసరమైనచో ప్రక్కన కట్టుడు. పాతదానిని బాగుచేయునప్పుడు సిమెంటు పూయకుడు: అది చెమ్మను బయటికి పోనీయదు, ఉప్పు లోపలనే పేరుకొని ఇటుకను పొడిచేయును, పదేండ్లలో గోడ గుల్లయగును, సున్నపు గోడకు సున్నమే మందు. పడగొట్టక తప్పని చోట ముందుగా ఛాయాచిత్రములు తీయించి, కొలతలు వ్రాయించి, స్మారకఫలకములను, గంటను, బాప్తిస్మపు తొట్టిని కొత్త మందిరమున నిలుపుడు. బీరువాల అడుగున చెదలు తినుచున్న బాప్తిస్మ, వివాహ, సమాధి పుస్తకములను వెలికితీసి ప్రతులు చేయించుడు. పల్లె పేదల తాతముత్తాతల పేర్లు దస్తావేజులలోను, శాసనములలోను దొరకవు. ఎక్కువమందికి అవి మొట్టమొదట సిరాతో వ్రాయబడినది ఆ పుస్తకములలోనే.